మార్గరెట్టు మెక్మిలను: పసిబిడ్డలును పట్టణసభలును

పట్టణసభలు తమ ఆదాయవ్యయములను సరిచూచుకొనునప్పుడు ధనము చాలదని తోచినచో ముందుగా కొట్టివేతకు గుఱియగు పద్దు తరచుగా పసిబిడ్డల పద్దే యగుచున్నది. బాట చెడినచో బండి తోలువాడు మొఱపెట్టును. వీథిదీపము వెలుగకున్న వర్తకుడు మొఱపెట్టును. అయిదేండ్లు నిండని బిడ్డకు వోటు లేదు, మొఱపెట్టు నేర్పును లేదు. తల్లిదండ్రులను కోలుపోయి పరుల సంరక్షణమున పెరుగు బిడ్డకు తన పక్షమున సభకు వచ్చి నిలువదగిన తల్లియైనను లేదు. ఇట్టి బిడ్డల చదువును, ఆరోగ్యమును దాతల దయకు విడువదగినవా, లేక పన్నులు వసూలుచేయు స్థానిక సంస్థలకు విధ్యుక్తములా యను ప్రశ్నను జీవితమంతయు అడిగిన స్త్రీ మార్గరెట్టు మెక్మిలను. ఆమె పని చేసినది ఇంగ్లండులోనైనను ఆ ప్రశ్న ఏ దేశమునకును పరాయిది కాదు. కావున ఆమె చరితమును మా పాఠకులకు వివరింపదలచితిమి.

మార్గరెట్టు 1860వ సంవత్సరము జులై మాసమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. ఆమె తల్లిదండ్రులు స్కాట్లండునుండి వలసపోయినవారు. అక్క రేచెలు ఆమెకంటె ఒక యేడు పెద్ద. 1865లో ఆ యింట వ్యాధి ప్రవేశించి తండ్రిని, చిన్న చెల్లెలిని కబళించెను. మార్గరెట్టు బ్రతికి బయటపడెను గాని వినికిడి కోలుపోయెను. అది మరల వచ్చుటకు చాల ఏండ్లు పట్టెను. దిక్కులేనిదైన తల్లి బిడ్డలిద్దఱిని వెంటబెట్టుకొని ఇన్వర్నెస్సులోని పుట్టినింటికి చేరెను. తాతగారి యింట నీడ దొరకినందుననే ఆ యక్కచెల్లెండ్రకు చదువబ్బెను. అట్టి నీడ దొరకని బిడ్డ గతి యేమి? ఆమె పిమ్మట చేసిన పని యంతయు ఈ ప్రశ్నకు సమాధానముగనే మాకు కన్పట్టుచున్నది.

1877లో తల్లియు గతించెను. మార్గరెట్టు జర్మనీ, స్విట్జర్లండు దేశములలో కొంతకాలము విద్యనభ్యసించి, సంపన్న గృహములలో పిల్లలకు చదువు చెప్పుచు జీవించెను. 1888లో అక్కచెల్లెండ్రిరువురును లండనులో కలిసికొనిరి. మరుసటియేట లండను రేవు కూలీలు చేసిన గొప్ప సమ్మె వారి హృదయములను కదల్చెను. సామ్యవాద సిద్ధాంతమున వారికి విశ్వాసము కుదిరెను. 1893లో వారు ఉన్నిమిల్లుల పట్టణమగు బ్రాడ్ఫర్డునకు తరలిరి. స్వతంత్ర కార్మికపక్షము ఆ సంవత్సరారంభమున ఆ పట్టణముననే పుట్టియుండెను.

సూర్యుడస్తమింపని సామ్రాజ్యమని తమ రాజ్యమును గూర్చి ఆ జాతివారు చెప్పుకొనుచున్న దినములవి. ఆ సామ్రాజ్యమునకు వస్త్రము నేసి యిచ్చు పట్టణముననే బాలురును బాలికలును సగముదినము మిల్లులో పనిచేసి, మిగిలిన సగముదినము బడిబల్లలపై కునుకుపాట్లు పడుచుండిరి. చట్టమే దానికి అనుమతి యిచ్చెను. 1893 వరకు పదియేండ్ల బిడ్డను, అటుపిమ్మట పదునొకండేండ్ల బిడ్డను ఇట్లు పనికి పంపవచ్చును. మనలను నాగరకులను చేయవచ్చితిమని చెప్పుకొన్న జాతి తన సొంతబిడ్డలను చూచుకొన్న తీరు ఇది. ఎత్తిపొడుపునకై మేమీమాట వ్రాయుటలేదు. తమ పాలకులను నిలదీసి యడుగగల మనుష్యులు ఆ జాతిలోను ఉండిరనియు, బిడ్డలకు కలిగిన మేలు వారి పోరాటఫలమేకాని సామ్రాజ్య వైభవఫలము కాదనియు చెప్పుటకే వ్రాయుచున్నాము.

1870 నాటి విద్యాచట్టము ప్రకారము ఆ దేశపు ఊళ్లలో పాఠశాలా బోర్డులు ఎన్నికయగుచుండెను. పార్లమెంటు ఎన్నికలలో వోటు లేని స్త్రీలు ఈ బోర్డులకు నిలువవచ్చును. 1894లో మార్గరెట్టు బ్రాడ్ఫర్డు పాఠశాలా బోర్డునకు సభ్యురాలుగా ఎన్నికయ్యెను. ఆమె సభామందిరమునకంటె బడులలో ఎక్కువ తిరిగెను. నెలలకొలది స్నానమెఱుగని దేహములు, చీముపట్టిన చెవులు, పుచ్చిన పండ్లు, ఆకలిచే పాలిపోయిన మొగములు ఆమెకు కానవచ్చెను. ఇట్టి బిడ్డకు అక్షరములు నేర్పుటకై వెచ్చించు ధనము ఫలింపదని ఆమె గ్రహించెను. దేహము బాగుపడనిదే చదువు నిలువదు. చదువునకై వసూలుచేసిన పన్నును దేహముకొఱకు ఖర్చుచేయుట న్యాయముకాదని పన్ను చెల్లించువారిలో పెక్కుమంది పట్టుపట్టిరి. బిడ్డను కడుగుట, తినిపించుట తల్లి పనియే కాని బోర్డు పని కాదనిరి. పగలంతయు మిల్లులో నిలిచిన తల్లి ఆ పని ఎప్పుడు చేయునో వారు ఆలోచింపలేదు.

అయినను ఆమె పట్టు విడువలేదు. 1897లో బ్రాడ్ఫర్డులోని వాపింగు రోడ్డు పాఠశాలయందు స్నానశాల తెఱవబడెను. ఆ దేశమున బడిలో స్నానశాల ఏర్పడుట అదియే మొదటిసారి యని ప్రసిద్ధి. బోర్డువారి వైద్యాధికారి డాక్టరు జేమ్సు కెర్ తో కలిసి ఆమె బిడ్డల వైద్యపరీక్షకు పాటుపడెను. గదులలో గాలి, వెలుతురు చాలుచున్నవా, బల్లలు బిడ్డల యెత్తునకు తగియున్నవా యని విచారించెను. సగముపూట మిల్లుపని మానిపింపవలెనని వాదించెను. ఇవి చిన్నవిగా తోచవచ్చును. కాని ఒక్కొక్క తీర్మానము వెనుకను అరపెన్నీ లెక్క చూచు సభ్యులతో గంటలకొలది వాదము కలదు.

1902లో పార్లమెంటు పాఠశాలా బోర్డులను రద్దుచేసి వాటి యధికారములను కౌంటీ, పట్టణ కౌన్సిళ్ల కప్పగించెను. ఆ కౌన్సిళ్లకు స్త్రీలు ఎన్నికయగుటకు 1907 వరకు వీలులేకుండెను. ఎనిమిదేండ్లు ప్రజల వోటుచే పనిచేసిన స్త్రీ ఒక్క చట్టముతో ఆ పీఠమును కోలుపోయెను. మార్గరెట్టు బ్రాడ్ఫర్డు విడిచి, కెంటు ప్రాంతమున ఆరోగ్యశాస్త్రమును బోధించుచున్న అక్క చెంతకు చేరెను.

ఇంతలో దక్షిణాఫ్రికా యుద్ధము పాలకుల కన్నులు తెఱపించెను. సైన్యమున చేరవచ్చిన పట్టణపు యువకులలో పెక్కుమంది దేహదార్ఢ్యము లేక తిరస్కరింపబడిరి. జనుల శరీరక్షీణతను విచారించుటకు నియమింపబడిన సంఘము 1904లో తన నివేదికనిచ్చి, బడులలో వైద్యపరీక్ష జరుగవలెననియు, ఆకలిగొన్న బిడ్డలకు భోజనమేర్పాటు కావలెననియు సూచించెను. బిడ్డ ఆకలికి కరగని మనసు సిపాయి కొరతకు కరగెను. మార్గరెట్టు ఈ అవకాశమును జాఱవిడువలేదు. జాతిబలమును గూర్చిన ఆ వాదమును తానును కొంతవఱకు వాడుకొనెను. ఇందుకై ఆమెను తప్పుపట్టువారు కలరు. మేమును ఆ వాదమును మెచ్చము. బిడ్డకు అన్నము పెట్టుట ఆ బిడ్డకొఱకేకాని సామ్రాజ్యపు తుపాకి మోయించుటకు కాదు.

1906లో పాఠశాలాభోజనముల చట్టము పుట్టెను. ఆమెతో బ్రాడ్ఫర్డున పనిచేసి పార్లమెంటు సభ్యుడైన ఫ్రెడ్ జోవెట్టు దాని పక్షమున గట్టిగా నిలిచెను. కౌన్సిళ్లు బడిపిల్లల భోజనమునకై పౌనుకు అరపెన్నీ చొప్పున స్థానికపన్ను ఖర్చుచేయవచ్చునని ఆ చట్టము చెప్పెను. చేయవలెనని మాత్రము చెప్పలేదు. బ్రాడ్ఫర్డు కౌన్సిలు వెంటనే పూనుకొని, 1907లో కొందఱు బిడ్డలకు భోజనము పెట్టించి వారము వారమును తూకము వేయించెను. భోజనము దొరకిన వారములలో తూకము పెరిగెను. సెలవులలో తగ్గెను. అంతకుమించిన సాక్ష్యమేమి కావలెను? అయినను వేఱు పట్టణములలో పెక్కు కౌన్సిళ్లు చట్టమిచ్చిన స్వేచ్ఛను పని మానుటకే వినియోగించుకొనెను.

1907 నాటి మరియొక చట్టము బడిపిల్లల వైద్యపరీక్షను కౌన్సిళ్లకు విధిగా చేసెను. దీనికై మార్గరెట్టు ఎంతయో శ్రమపడెను. కాని ఇక్కడను ఒక లోపము మిగిలెను. పరీక్ష విధి, చికిత్స ఐచ్ఛికము. బిడ్డకు చెవిరోగమున్నదని చీటీ వ్రాసి యింటికి పంపినచో వైద్యునకీయ కాసులేని తల్లి ఆ చీటీని ఏమి చేసికొనును? కావున అక్కచెల్లెండ్రు జోసెఫ్ ఫెల్సు అను ధనికుని సాయముతో 1908లో లండనులోని బో ప్రాంతమున బడిపిల్లల చికిత్సాలయమును తెఱచి, 1910లో దానిని పేదల పేట యగు డెట్ఫర్డునకు మార్చిరి.

అక్కడ వారికొక కఠినసత్యము బోధపడెను. మందిచ్చి నయముచేసిన బిడ్డ కొన్ని వారములకే అదే రోగముతో మరల వచ్చుచుండెను. రోగము ఆ యింటి చీకటిలోను, ఆ సందు మురుగులోను ఉన్నది. 1911లో వారు పేదపిల్లలు రాత్రులు ఆరుబయట నిద్రించుటకొక శిబిరమేర్పఱచిరి. బడియీడు వచ్చుసరికే దేహము చెడియుండుట చూచి ఇంకను వెనుకకు పోయి, 1914లో రెండేండ్లు మొదలు అయిదేండ్లవఱకు గల బిడ్డలకు ఆరుబయటి శిశుపాఠశాలను స్థాపించిరి. లండను కౌంటీ కౌన్సిలువారి ఖాళీస్థలము అందులకు ఉపయోగపడెను. అచట గదులు తోటవైపునకు తెఱచియుండెను. బిడ్డలకు స్నానము, కడుపునిండ తిండి, పగటినిద్ర, మొక్కలు, ఆటలు, పాటలు, ఇవియే పాఠములు. తల్లి పనికిపోయి వచ్చునంతవఱకు బిడ్డలచటనే యుండిరి. రెండు మూడు గంటల బడి పేదయింటికి చాలదని మార్గరెట్టు కడవఱకు వాదించెను.

ప్రపంచయుద్ధకాలమున తుపాకిమందు కర్మాగారములకు స్త్రీలు కావలసివచ్చిరి. అప్పుడు వారి బిడ్డల పోషణకై ప్రభుత్వమే గ్రాంటు నిచ్చెను. యుద్ధమున కక్కఱకు వచ్చునపుడు దొరకు ధనము శాంతికాలమున దొరకకపోవుట ఏ లెక్కశాస్త్రమో మాకు తెలియదు. 1917 మార్చి 25న, తాను పుట్టిననాడే, రేచెలు మరణించెను. ఆ పాఠశాలకు చెల్లెలు అక్క పేరు పెట్టి పని సాగించెను.

1918 నాటి విద్యాచట్టము సగముపూట మిల్లుపనిని అంతమొందించుటకు త్రోవ చూపెను. కౌన్సిళ్లు శిశుపాఠశాలలు పెట్టవచ్చుననియు, వాటికి ప్రభుత్వము సాయపడుననియు చెప్పెను. మార్గరెట్టు సంతోషించెను. ఆ సంతోషము నిలువలేదు. 1921, 1922 సంవత్సరములలో ప్రభుత్వము పొదుపు గొడ్డలి నెత్తగా క్రొత్త శిశుపాఠశాలల ఆశ అడుగంటెను. చట్టము కొట్టివేయబడలేదు, దానికి ధనము మాత్రము రాలేదు. విధిగా చేయబడిన పద్దులు నిలిచెను, ఐచ్ఛికమైన పద్దు రాలిపోయెను. ఆమె 1923లో ఏర్పడిన శిశుపాఠశాలా సంఘమునకు ప్రథమాధ్యక్షురాలై దేశమంతటను ఉపన్యసించెను. పసిబిడ్డలకు చదువు చెప్పువారికి పెద్దబడుల ఉపాధ్యాయులకంటె తక్కువ శిక్షణ చాలునను వాదమును ఖండించెను. అక్క పేరనే 1930లో డెట్ఫర్డున ఉపాధ్యాయినుల శిక్షణకళాశాలను సాధించి, మరుసటియేడు మార్చిలో కన్నుమూసెను.

ఆమె తరువాతి చరిత్రయు ఈ పాఠమునే చెప్పుచున్నది. 1944 నాటి విద్యాచట్టము బడిభోజనమును కౌన్సిళ్లకు విధిగా చేసి, శిశుపాఠశాలల అవసరమును కూడ గమనింపవలెనని శాసించెను. 1945లో ఒక కౌన్సిలు పరుల యింట పెంపునకుంచిన బాలుడు హింసకు గుఱియై మరణింపగా దేశము కలవరపడెను. తత్ఫలితముగా 1948 చట్టము తల్లిదండ్రుల సంరక్షణ లేని బిడ్డల బాధ్యతను ప్రత్యేకసంఘముల మూలమున కౌన్సిళ్లపై మోపెను. 1980లో గాలి మారెను. శిశుపాఠశాలలు పెట్టు అధికారమే కాని విధి కౌన్సిళ్లకు లేదని ఆ యేటి చట్టము స్పష్టముగా వ్రాసెను. 2004లో మరల, తమ సంరక్షణలోనున్న బిడ్డల చదువును పెంపొందించుట కౌన్సిళ్ల విధి యని చట్టమైనది. ఒక మెట్టెక్కుట, ఒక మెట్టు దిగుట. దిగిన ప్రతిసారియు వలెను అనుచోట వచ్చును అను మాటయే చేరినది.

మన సంగతి చూచుకొందము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున 45వ అధికరణము పదునాలుగేండ్లవఱకు గల బిడ్డలందఱి నిర్బంధవిద్యకై ప్రభుత్వము పదియేండ్లలో ప్రయత్నింపవలెనని చెప్పెను. క్రింది వయసును అది చెప్పలేదు. 2002 నాటి సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్లవారికి విద్యను ప్రాథమికహక్కుగా నొసగెను. ఆఱేండ్లలోపు బిడ్డలకు మాత్రము ప్రయత్నమను మాటయే మిగిలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టమును మూడు మొదలు ఆరేండ్లవారికి ఉచితవిద్య నేర్పాటుచేయవచ్చునని మాత్రమే చెప్పుచున్నది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన అంగన్వాడీల మూలమున మన పల్లెలలో పసిబిడ్డలకు తిండియు, ఆటపాటలును దొరకుచున్నవి. అది గొప్పపనియే. కాని హక్కుపై నిలిచిన కట్టడము వేఱు, ఏటేట ప్రభుత్వపు చిత్తముపై నిలిచిన కట్టడము వేఱు.

మార్గరెట్టు మెక్మిలనును పూజింపుమని మేము కోరుటలేదు. దాతల ధనముపై ఆధారపడవలసివచ్చుటయే ఆమె పనిలోని దౌర్బల్యము, అది ఆమె యెఱిగినదే. ఆమె కోరినది విగ్రహము కాదు, పద్దు. పంచాయతీలలోను, పురపాలక సంఘములలోను కూర్చున్న మన ప్రతినిధులు రానున్న సంవత్సరపు ఆదాయవ్యయములను చర్చించునపుడు, అంగన్వాడీ గదికి వెలుతురున్నదా, నీరున్నదా, అనాథగృహమునుండి బడికి వచ్చు బిడ్డ మధ్యలో మానినచో అడుగువాడున్నాడా యని తెలిసికొని, ఆ పద్దును కడపట గాక మొదట వ్రాయుదురుగాక. అయిదేండ్లలోపు బిడ్డ రానున్న సంవత్సరమువఱకు వేచియుండజాలదు. ఆ సంవత్సరము వచ్చుసరికి ఆ వయసు గడచిపోవును.