విన్నది వినిపించిన గాయకుడు - ఘంటసాల వేంకటేశ్వరరావు

శ్రీమద్రామాయణమును రచించినవాడు వాల్మీకి మహర్షి. దానిని లోకమునకు వినిపించినవారు కుశలవులు. మహర్షి తన కావ్యమును తానే వీధివీధి తిరిగి పాడలేదు. తగిన కంఠము గల బాలురనిద్దరిని ఎంచుకొని, స్వరము, లయ, ఉచ్చారణ తప్పకుండునట్లు నేర్పి, వారిచేత పాడించెను. ఆ గానము మునివాటికలలో వినబడినది, అయోధ్యావీధులలో వినబడినది, తుదకు శ్రీరామచంద్రుని సభలో వినబడినది. కథానాయకుడే శ్రోతయై తన కథను తాను విని కన్నీరు నించెను. పాట ఒకరిది, కంఠము వేరొకరిది. ఫలము మాత్రము విన్నవారందరిది.

మన సంప్రదాయమున నాథమునులు చేసిన మహోపకారము కూడ ఇట్టిదే. యాత్రికుల నోట నమ్మాళ్వారుల పాశురములు పది విని, ఆ మాధుర్యమునకు పరవశులై, తక్కినవానికొరకు తపించి, నాలుగువేల పాశురములను సంపాదించిరి. వానిని తమ మేనల్లుండ్రనిద్దరికి రాగతాళములతో నేర్పి ఆలయములలో పాడించిరి. తాను విన్న మంచి పాటను తనలోనే దాచుకొనక పదిమందికి పంచుట భాగవతుల లక్షణము.

ఈ లక్షణము ఇరువదవ శతాబ్దిలో ఒక చలనచిత్ర గాయకుని జీవితమున నిండుగా కనిపించును. ఆయన వాగ్గేయకారుడు కాడు. కవులు వ్రాసినదానిని, పెద్దలు పాడినదానిని తన గొంతున నిలిపి, ఇంటింటికి చేర్చిన ధన్యుడు. ఆయనయే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు.

కృష్ణా గోదావరుల నడుమనున్న సీమ నీటికిని పాటకును పుట్టినిల్లు. గోదావరి కాలువ తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరును. బెజవాడనుండి వచ్చు కృష్ణ కాలువ దానిని అచ్చటనే కలిసికొనును. ఏలూరికి దక్షిణమున కొల్లేరు. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడినపుడు ఆ సరస్సు దక్షిణపు దరినున్న కైకలూరు ప్రాంతము కూడ అందు చేరినది. దానికి పొరుగుననే గుడివాడ సీమ. ఆ సీమలోని చౌటపల్లి గ్రామమున 1922 డిసెంబరు 4వ తేదీన ఘంటసాలవారు జన్మించిరి. తండ్రి సూర్యనారాయణగారు, తల్లి రత్తమ్మగారు.

తండ్రి ధనవంతుడు కాడు. మృదంగము వాయించుచు, నారాయణతీర్థుల తరంగములు పాడుచు, ఊరూర భజనలు చేయుట ఆయన వృత్తి, వ్రతము. శ్రీకృష్ణలీలాతరంగిణి సంస్కృత గ్రంథము. భాగవత దశమస్కంధమును అనుసరించి ఒక సన్న్యాసి రచించినది. అక్షరజ్ఞానము లేని పామరులు సైతము దాని భావము నెరిగి తల యూపుచుండిరన్నచో, అది తరతరముల భజనగాయకుల పుణ్యము. తండ్రి పాడుచుండగా పసివాడు ఆ లయకు చిందులు వేసెడివాడు. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పేరు పెట్టిరి. తనది కాని పాటను తనదిగా ప్రేమించుట ఆయనకు ఆ భజనగోష్ఠులలో అబ్బిన తొలివిద్య.

పదకొండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనన్నది ఆయన కడపటి కోరిక. మేనమామ కుటుంబభారమును వహించెను. బాలుడు సంగీతము నేర్పుదుమన్న ఇండ్లలో చాకిరి చేసెను. శ్రమకు తగిన విద్య అచ్చట దొరకలేదు. తుదకు తన వ్రేలి ఉంగరమును అమ్ముకొని, ఎవరికిని చెప్పక విజయనగరమునకు బయలుదేరెను.

ద్వారం వేంకటస్వామినాయుడుగారి వంటి మహనీయులతో ప్రకాశించుచుండిన సంగీత కళాశాల అచ్చట గలదు. చేరుట కంటె నిలుచుట కష్టమైనది. తలదాచుకొన చోటు లేదు, తినుటకు అన్నము లేదు. అట్టి వేళ పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆదరించి, తమ పేదరికమును లెక్కసేయక విద్య గరపిరి. శిష్యుడు జోలె పట్టి మధూకరమెత్తి కడుపు నింపుకొనెను. ఇంటింట అడిగి తెచ్చుకొన్న కబళముతో పెరిగిన ఆ కంఠము తరువాత ఇంటింటికిని పాటను పంచినది. పట్టణమువారి ఋణము ఆ విధముగా తీరినదని భావింపవచ్చును.

విద్వాంసుడై స్వగ్రామమునకు మరలి, ఉత్సవములలోను భజనలలోను పాడుచుండిరి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని కారాగారవాసము చేసిరి. 1944లో సావిత్రిగారితో వివాహమైనది. శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిన కవి సముద్రాల రాఘవాచార్యులవారు ఆయన గానమును విని, మదరాసు రమ్మని ప్రోత్సహించిరి. అచ్చటను తొలిదినములు కష్టముతోనే గడచినవి. బృందగానములలో ఒక గొంతుగా నిలిచి, ఆకాశవాణిలో పాడి, క్రమముగా గాయకులై, సంగీత దర్శకులైరి. మనదేశము 1949లో, పాతాళభైరవి 1951లో వెలువడి ఆయన పేరును తెలుగునాట మారుమ్రోగించినవి.

ఇంతటి కీర్తి వచ్చిన పిమ్మటను ఆయన పరుల కృతిని గౌరవించు తీరు మారలేదు. 1957లో వెలువడిన మాయాబజారు దీనికి సాక్ష్యము. ఆ చిత్రమునకు సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని పాటలకు వరుసలు కట్టి తప్పుకొనిరి. తక్కిన పని ఘంటసాలవారి చేతికి వచ్చెను. మరియొకరు కట్టిన వరుసలను త్రోసివేసి తన ముద్ర వేయవలెనని ఆయన తలపలేదు. వానిని అట్లే నిలిపి, తగిన వాద్యములతో తీర్చి, తన గొంతుతో ప్రాణము పోసిరి. వినువారికి ఏది ఎవరిదో తెలియనంతటి ఏకత్వము అందు కుదిరినది.

జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము, కుంతీకుమారి పద్యముల సంగతియు అట్టిదే. పుస్తకమున చదివినవారు కొందరు. ఘంటసాలవారి రికార్డు విని కంటతడి పెట్టినవారు అసంఖ్యాకులు. పద్యమును రాగాలాపనలో ముంచివేయక, ప్రతి పదమును విడివిడిగా వినబడునట్లు పలుకుట ఆయన మార్గము. ఆ మార్గమును పట్టుకొనియే పల్లెటూరి బాలురు సైతము పద్యమును తప్పులేక కంఠస్థము చేసిరి.

1963లో వచ్చిన లవకుశ ఒక విశేష పరీక్ష. అదే కథను సి. పుల్లయ్యగారు 1934లోనే చిత్రముగా తీసియుండిరి. ఆ పాటలు జనుల నాలుకలపై నిలిచియున్నవి. పాతపాట ఎరిగిన చెవికి క్రొత్తపాట రుచింపజేయుట సులభము కాదు. ఘంటసాలవారు సంగీతము సమకూర్చి, లవకుశుల గానమును పి. లీల, పి. సుశీలగారలచేత పాడించిరి. జనులు బండ్లు కట్టుకొని వచ్చి ఆ చిత్రమును చూచిరి. వాల్మీకి కుశలవులకు నేర్పిన పద్ధతియే ఇచ్చటను జరిగినది. నేర్పినవాడు వెనుక నిలిచెను, బాలుర గానము ముందు నిలిచెను.

గురువుగారి ఋణమును కూడ ఆయన మరువలేదు. సీతారామశాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు చిరకాలము ఆయన సంగీతసహచరులై, హార్మోనియముతో తోడు నిలిచిరి. 1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో పర్యటించి ప్రవాసాంధ్రులకు గానామృతమును పంచిరి. తిరుమల తిరుపతి దేవస్థానముల ఆస్థాన గాయకులైరి. పేరునందే వేంకటేశ్వరుని దాల్చినవానికి అంతకంటె మిన్నయైన పదవి ఏమున్నది?

శరీరము అనారోగ్యముతో కృశించుచున్న దినములలో ఆయన తన కడపటి మహాకార్యమునకు పూనుకొనిరి. శ్రీమద్భగవద్గీతనుండి శ్లోకములను ఏరి, తెలుగు తాత్పర్యముతో గానము చేసిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మదరాసులో, ఏబదియొక్క సంవత్సరముల వయస్సున పరమపదించిరి. ఆయన మరణానంతరమే ఆ గీతాగానము లోకమునకు అందినది. గీత ఆయనది కాదు, భగవంతునిది, వ్యాసులవారిది. అయినను తెలుగువారికి గీత యనగానే స్ఫురించునది ఆ కంఠమే.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మరణము సంభవించిన యింట ఆ గీతను వినిపించుట నేడు ఆచారమైనది. ఆర్తులకు అది ఓదార్పు, తప్పు లేదు. అయితే దానివలన కొందరు ఉదయమున గీత వినబడినచో అమంగళమని జంకుచున్నారు. ఇది శోచనీయము. గీత చచ్చినవానికొరకు చెప్పబడినది కాదు. చేయవలసిన పని యెదుట ధనుస్సు జారవిడిచి కూలబడిన సజీవునికి చెప్పబడినది. ఆ పాడినవాడు కూడ మృత్యువు దరిజేరిన వేళ తన కర్తవ్యమును వీడక పాడెను. కావున దానిని ప్రాతఃకాలమున పిల్లలతో కూర్చుండి వినుటయే ఆయనకు చేయదగిన నివాళి.

ఆయన యితరుల పాటలను పాడినట్లే, ఇతరులు ఆయన పాటలను పాడుచున్నారు. 1969లో ఏకవీర చిత్రమున ఆయనతో కలిసి పాడిన యువకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు, పిదప 1996లో పిన్నలచేత పాత పాటలు పాడించు కార్యక్రమమును దూరదర్శినిపై నడపిరి. ఆ కార్యక్రమమునకు పెట్టిన పాడుతా తీయగా అను పేరు, 1964 నాటి మూగమనసులులో ఘంటసాలవారు పాడిన పాటలోనిదే.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలలోని శ్రీరామనవమి పందిళ్లలో ఒకే కీర్తనను పదిమంది పదివిధముల పాడుదురు. ఎవరు బాగుగా పాడిరని వాదించుకొనుటయు ఒక ఆనందమే. అయితే మూడు నియమములు మరువరాదు. రచించినవారి పేరు చెప్పవలెను. సాహిత్యమును చెరుపరాదు. తనకు నచ్చిన గానమును ఒంటరిగా వినక, ఇరుగుపొరుగువారిని పిలిచి వినిపింపవలెను. ఈ మూడును పాటించినచో పాడిన ప్రతి గృహస్థుడును కుశలవుల వంశమున చేరినవాడే.

కొల్లేటిలోనికి బుడమేరు వచ్చును, తమ్మిలేరు వచ్చును. ఆ నీటిని అది తనదని బంధించి యుంచుకొనదు. ఉప్పుటేరు దారిని సముద్రమునకు సమర్పించును. మంచి గాయకుని హృదయమును అట్టిదే. తండ్రినుండి, గురువునుండి, కవులనుండి అందినదానిని నిండుగా స్వీకరించి, మరింత తీయగా చేసి, భగవంతుని పాదములకును భక్తజనమునకును సమర్పించిన ఘంటసాలవారు చిరస్మరణీయులు.