పడి లేచిన విజేత

హిమము కురియు దేశములలో శీతకాలమున నేలయంతయు మంచుతో కప్పబడియుండును. అచ్చటి ప్రజలు పాదములకు సన్నని పొడవైన పలకలు కట్టుకొని, చేతులతో ఊతకఱ్ఱలు పట్టుకొని, మంచుపై జారుచు పోవుదురు. ఆ పలకలకు స్కీలని పేరు. ప్రయాణసాధనముగా పుట్టిన యీ విద్య క్రమముగా క్రీడయై, ఆల్ప్స్ పర్వతముల వాలులలో గొప్ప పందెములకు దారితీసెను. ఆ పందెములలో అనన్యమైన కీర్తి గడించిన వనిత క్రిస్టల్ క్రాంట్స్.

ఈమె 1914 జూలై 1వ తేదీన బ్రస్సెల్సు నగరమున ఒక జర్మను కుటుంబమున జన్మించెను. ఆ వేసవిలోనే మొదటి ప్రపంచయుద్ధము చెలరేగగా, ఆ కుటుంబము నగరమును విడిచిపోవలసి వచ్చెను.

1936లో జర్మనీలోని గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ పట్టణమున శీతకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగెను. కొండవాలు స్కీ పందెములకు ఒలింపిక్ క్రీడలలో అదియే మొదటిసారి. స్త్రీలకు పతకమొక్కటియే, దానికై రెండు పరీక్షలు. మొదటిది డౌన్‌హిల్, అనగా కొండపైనుండి అతివేగముగా దిగుట. రెండవది స్లాలం, అనగా పాతిన జెండాల నడుమ మెలికలు తిరుగుచు దిగుట. రెండింటి ఫలితములను కలిపి విజేతను నిర్ణయింతురు.

అప్పటికే ప్రపంచ విజేతయైన క్రిస్టల్‌పై స్వదేశీయుల ఆశలన్నియు నిలిచియుండెను. కాని డౌన్‌హిల్‌లో ఆమె దారిలో పడిపోయెను. వెంటనే లేచి పరుగు ముగించినను ఆరవ స్థానమే దక్కెను. ఇక తొందరపడినచో మరల పడవచ్చును; జంకినచో వెనుకబడుట నిశ్చయము. ఆమె తొందరపడలేదు, జంకలేదు. స్లాలంలో రెండు పరుగులందును అందఱికంటె తక్కువ కాలములో దిగి, పోయిన కాలమును రాబట్టుకొని స్వర్ణపతకము గెలుచుకొనెను.

1934 మొదలు 1939 వఱకు ప్రపంచ పోటీలలో ఆమె 12 స్వర్ణపతకములు, 3 రజతపతకములు సాధించెను. 1937లో షామొనీలోను, 1939లో జకోపానేలోను మూడేసి స్వర్ణపతకములును ఆమెవే.

ఆనాడు జర్మనీ హిట్లరు ఏలుబడిలో నుండెను. ఆ ప్రభుత్వము క్రీడాకారుల విజయములను తన ప్రచారమునకు వాడుకొనెను. తుదకు ప్రపంచమును యుద్ధమున ముంచెను. స్కీ క్రీడాకారుడైన ఆమె సోదరుడు రూడి ఆ యుద్ధమున మరణించెను. యుద్ధానంతరము ఆమె ష్టైబిస్ గ్రామమున భర్తతో కూడి స్కీ పాఠశాల నెలకొల్పి, ఎందఱికో ఆ విద్య నేర్పెను. 2004లో కన్నుమూసెను.

2025లో అమెరికా వనిత మికేలా షిఫ్రిన్ 15 పతకములతో ఆమెకు సరితూగెను. 12 స్వర్ణపతకముల ఘనతను మాత్రము ఆ యేటి వఱకు ఏ స్త్రీయు అందుకొనలేదు. అయినను, బాలబాలికలారా, ఆ పతకముల లెక్కకంటె ముందుగా స్మరింపదగినది ఆమె మంచులో పడి లేచిన క్షణము.