పేరు దాచుకోని కవి

పర్చూరు నుండి పడమరగా, ప్రత్తి చేలు, మిరప తోటలు దాటి వెళితే వినుకొండ వస్తుంది. మహాకవి గుర్రం జాషువ 1895 సెప్టెంబరు 28న అక్కడే జన్మించారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. క్రైస్తవ కుటుంబం కనుక బిడ్డకు బైబులులోని పేరు పెట్టుకున్నారు.

ఆ పేరు వినగానే కులమేమిటని ఆరా తీసేవారు ఎదురయ్యేవారు. అంటరానివాడికి పద్యమెందుకని అగ్రకులాలవారు హేళన చేశారు. సంస్కృత కావ్యాలు, పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవులలోనూ కొందరు తప్పుపట్టారు. ఇరువైపులా తలుపులు మూసుకున్నా ఆయన తన పేరునూ వదులుకోలేదు, పద్యాన్నీ వదులుకోలేదు. పొట్టకూటికోసం రాజమహేంద్రవరంలో మూగ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు.

1941లో 'గబ్బిలం' వెలువడింది. అందులో ఆకలితో అలమటించే ఒక అరుంధతీ సుతుడు తన గోడును కాశీ విశ్వనాథునికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, అతడు వెళ్లలేడు. కాళిదాసు మేఘసందేశ పద్ధతిని చేపట్టి, తనవారి కన్నీటిని అందులో నింపారు జాషువ. నేర్చిన విద్య కోసం పుట్టిన వాడను మరచిపోలేదు.

ఒకప్పుడు కాదన్న లోకమే తరువాత ఆదరించింది. పండిత శ్రేష్ఠులు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వహస్తాలతో ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జులై 24న ఆయన కన్నుమూశారు. తాను ఒక కులానికో మతానికో కాక, సమస్త మానవాళికి చెందినవాడినని ఆయన చాటుకున్నారు.

మన విచారణలలో ఇంటివద్ద ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు ఉన్న బిడ్డలు లేకపోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వలేదు. బ్రతుకుతెరువు కోసం రెండు పేర్లు మోసే ఆ కుటుంబాలను నిందించడం న్యాయం కాదు. అయితే ఆ బిడ్డలకు జాషువ కథ చెప్పాలి. కాగితం మీద ఏమున్నా, పుట్టిన ఊరు, తల్లి కులం, జ్ఞానస్నానపు పేరు, మాట్లాడే తెలుగు - వీటిలో దేనికీ సిగ్గుపడనక్కరలేదని వారికి తెలియాలి.