కెన్నెత్ ఆండర్సన్ రైఫిల్‌కు ఖరీదు కట్టేదెలా?

పులుల వేట పుస్తకాలు చదివేవాళ్లకు జిమ్ కార్బెట్ తర్వాత గుర్తొచ్చే పేరు కెన్నెత్ ఆండర్సన్. కార్బెట్‌ది కుమావూ కొండలు, ఆండర్సన్‌ది దక్షిణాది అడవి. ఆయన్ని బెంగళూరు తన మనిషిగా చెప్పుకుంటుంది, అందులో తప్పేమీ లేదు, జీవితమంతా అక్కడే గడిచింది. పుట్టింది మాత్రం మన బొల్లారంలో, 1910 మార్చి 8న. ఆరు తరాలుగా భారతదేశంలో స్థిరపడిన స్కాటిష్ కుటుంబం వాళ్లది. తండ్రి సైనిక ఖాతాల శాఖలో అధికారి.

చదువు బెంగళూరులోని బిషప్ కాటన్ స్కూల్లో, సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో. తర్వాత పదిహేనేళ్లు తపాలా తంతి శాఖలో ఉద్యోగం. అక్కడి నుంచి విమాన కర్మాగారానికి మారారు. తర్వాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌గా మనకు తెలిసిన సంస్థ అదే. అందులో ప్లానింగ్ విభాగం మేనేజర్ దాకా వెళ్లారు. అంటే ఏనుగుల మీద ఊరేగుతూ, వందమంది డప్పులు కొడుతుంటే పులిని కాల్చిన మహారాజుల కోవ కాదు ఈయనది. నెల జీతగాడు. సెలవు పెట్టి, కారేసుకుని అడవికి వెళ్లి, మంచె కట్టించుకుని రాత్రంతా మేలుకొని, మళ్లీ ఆఫీసుకు వచ్చిన మనిషి.

ఆయన చేతిలోని ఆయుధం కూడా ఆ స్థాయిదే. భారతదేశంలో పెద్ద వేటగాళ్లు లండన్, బర్మింగ్‌హామ్ నిపుణులు చేసిన రెండు గొట్టాల రైఫిళ్లు వాడేవారు. వాటి ధర మామూలు ఉద్యోగికి అందేది కాదు. ఆండర్సన్ ఎక్కువగా నమ్ముకున్నది అమెరికా వించెస్టర్ కంపెనీ 1895 మోడల్, .405 బోరు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్‌ను కిందికి లాగి మళ్లీ పైకి తెస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్తుంది. అమెరికా సినిమాల్లో గుర్రపు రౌతులు చేసేది ఇదే. అయితే ఆ సినిమా తుపాకుల్లో తూటాలు గొట్టం కింద మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. మొన తేలిన తూటా అయితే ముందున్న తూటా అడుగున గుచ్చుకుని పేలే ప్రమాదం ఉంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1895 మోడల్‌లో తూటాలు పెట్టెలో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అందుకే దానికి బలమైన తూటాలు పట్టాయి. 1904లో వచ్చిన .405 అలాంటిదే, గుండు బరువు సుమారు 19 గ్రాములు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్తూ దీన్నే వెంట తీసుకెళ్లారు, దాంతో పేరు మోగిపోయింది.

ఆండర్సన్ 1939 నుంచి 1966 వరకు ఎనిమిది నరభక్షక చిరుతల్ని, ఏడు నరభక్షక పులుల్ని చంపినట్లు లెక్క. 1954లో వచ్చిన మొదటి పుస్తకంలోనే అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ ఉంది. భాకరాపేట, నాగపట్ల, పులిబోను లాంటి శేషాచలం అడవి పేర్లు అందులో కనిపిస్తాయి. ఆ కొండల్లోనే 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపింది. అప్పుడు అటవీ శాఖ చేసింది బోన్లు పెట్టి చిరుతల్ని పట్టడం. ఆండర్సన్ కాలంలో అదే పని రైఫిల్‌కు అప్పజెప్పేవారు.

ఆయన కథలన్నీ అచ్చంగా జరిగినవేనా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చాలావాటిని ఏళ్లు గడిచాక రాశారు. కొన్నిచోట్ల నాటకీయత పాలు ఎక్కువనే నాకూ అనిపిస్తుంది. కానీ అడవిలో నడిచే తీరు, అడుగుల జాడ చదివే తీరు, పూజారి తెగకు చెందిన బైరా లాంటి స్నేహితుల నుంచి నేర్చుకున్న విద్య, ఇవి కుర్చీలో కూర్చుని కల్పించేవి కావు.

ఇక ఖరీదు సంగతి.

1895 మోడల్ అరుదైనదేమీ కాదు. నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో దాదాపు మూడు లక్షలు మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యం కోసం వేరే బోరులో చేసినవి. కాబట్టి వేట కోసం చేసిన .405 కాస్త విలువైనదే అయినా, అమెరికాలో మామూలుగా అది కొన్ని వేల డాలర్ల వస్తువు. ఆ వేలు పెరగడం, తరగడం యజమాని దానికి ఏం చేయించాడన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన లెక్క ఉంది. కంపెనీకి ముందే చెప్పి, అదనంగా డబ్బు కట్టి చేయించుకున్న ప్రత్యేకతలు (మేలురకం వాల్‌నట్ కర్ర, నగిషీ, లైమన్ సైటు, రెండుగా విడదీసే ఏర్పాటు) ధరను పెంచుతాయి. అదే మార్పు తర్వాత ఊళ్లో పనివాడు చేస్తే ధర పడిపోతుంది. కొత్తగా వేసిన ఒక్క మర బెజ్జం, మెరుస్తుందని మళ్లీ వేయించిన నీలి పూత కూడా కొనేవాడి ముఖం చిట్లేలా చేస్తాయి. ఈ .405 వెనక్కి తన్నే తన్ను మామూలుది కాదు. భుజానికి ఆనే భాగం సన్నని ఇనుప రేకు. అందుకే చాలామంది కర్ర కోయించి రబ్బరు మెత్త పెట్టించుకున్నారు. కాల్చేవాడికి అది సుఖం, సేకరించేవాడికి నష్టం. ఆండర్సన్ రాత్రి మంచె మీద కూర్చునేటప్పుడు రైఫిల్‌కు టార్చి బిగించుకునేవారు. అలా బిగింపులు పడిన చోట కర్ర మీద ఒరుసుకుపోయిన గుర్తులు ఉంటే, వేరే ఎవరి తుపాకీ అయినా మచ్చ కింద లెక్క. ఆయనది అని రుజువైతే ఆ గీతలే విలువ. వాటిని నున్నగా చెక్కించినవాడు డబ్బు పారేసుకున్నట్టే.

మనిషి పేరు తుపాకీ ధరను ఎక్కడికి తీసుకెళ్తుందో 2016లో తేలింది. వించెస్టర్ 1886 మోడల్‌లో ఒకటో నంబరు రైఫిల్ అమెరికాలో వేలంలో 12 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది అపాచీ నాయకుడు జెరోనిమోను వెంటాడిన కెప్టెన్ హెన్రీ లాటన్‌కు స్నేహితుడు ఇచ్చిన కానుక. ఇచ్చిన పేరు, పుచ్చుకున్న పేరు దాని మీదే చెక్కి ఉన్నాయి. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో కార్బెట్‌కు బహూకరించిన రిగ్బీ రైఫిల్ మీద కూడా వెండి రేకు ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీయే తిరిగి సంపాదించుకుని, 2016లో కార్బెట్ తిరిగిన కొండలకు తెచ్చి చూపించింది.

ఉద్యోగి ఆండర్సన్‌కు ఎవరూ వెండి రేకు తొడిగి ఇవ్వలేదు. పుస్తకాల్లో మోడల్, బోరు పదేపదే కనిపిస్తాయి. అయితే పుస్తకం ఒక రకం తుపాకీకి సాక్ష్యం అవుతుంది కానీ ఒక తుపాకీకి కాదు. అమెరికాలో అయితే వయోమింగ్ రాష్ట్రం కోడీలోని మ్యూజియం పాత కంపెనీ రికార్డులు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. 1895 మోడల్‌కు ఆ రికార్డులు మొదటి 60 వేల నంబర్ల లోపే ఉన్నాయి. తర్వాత ఫ్యాక్టరీ దాటినవాటికి ఆ దారి మూసుకుపోయినట్టే.

మన దగ్గర మరో దారి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. భారతదేశంలో తుపాకీ లైసెన్సులో దాని రకం, బోరుతో పాటు నంబరు కూడా రాస్తారు. అమ్మినా, యజమాని పోయాక వారసుల పేరు మీదకు మారినా, పోలీసుల దగ్గరో డీలర్ దగ్గరో జమ చేసినా ఆ నంబరు కాగితం మీదకు ఎక్కాల్సిందే. అమెరికా సేకరణకర్తలు లక్షలు పోసి వెతికే యాజమాన్య గొలుసు ఇక్కడ ప్రభుత్వ రిజిస్టర్లలోనే తయారవుతుంది. చెదలు తినకుండా ఉంటే చాలు.

అలాగని ఇక్కడి మార్కెట్‌ను అమెరికా ధరతో కొలవలేం. 1980ల మధ్య నుంచి పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం దాదాపు ఆగిపోయింది. దాంతో దేశంలో ఉన్న పాత విదేశీ ఆయుధాల ధర అసలు విలువతో సంబంధం లేకుండా పెరిగింది. మరోవైపు 2019 సవరణతో ఒక మనిషి రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. ఒక స్థానాన్ని వందేళ్ల నాటి .405 కోసం వదులుకునేవాళ్లు ఎందరు? తూటాలు కూడా సమస్యే. మన ఆర్డ్‌నెన్స్ కర్మాగారాలు పౌరుల కోసం చేసేవాటిలో .315 ఉంది కానీ .405 లేదు. పనిచేయకుండా చేసిన పురాతన వస్తువుగా చూపిస్తే లైసెన్సు బెడద తప్పుతుంది, కానీ అలా చేయడమంటే ఆ రైఫిల్‌కు కోలుకోలేని మరో మార్పు చేయడమే. ఖరీదు కట్టేవాడు మళ్లీ కలం పట్టుకోవాలి.

చివరి ఏళ్లలో ఆండర్సన్ తుపాకీ కంటే కెమెరాకు దగ్గరయ్యారు. అడవులు తరిగిపోతున్నాయని పుస్తకం తర్వాత పుస్తకంలో మొత్తుకున్నారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ముగిసింది. 1974 ఆగస్టు 30న ఆయన క్యాన్సర్‌తో బెంగళూరులో కన్నుమూశారు. పాత అడవుల మీద రాసుకున్న చివరి పుస్తకం మరో రెండేళ్లకు అచ్చయింది.