పుచ్చలపల్లి సుందరయ్యగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. పురాణపురుషులను గూర్చి వ్రాయుట నాకు సుకరమే. అయినను గ్రామపు లెక్కలు వ్రాయుచు ఏబదియేండ్లు దాటిన నాకు, తన జమాఖర్చులను ముందుగా తానే సరిచూచుకొనిన మనుష్యుని చరిత్ర వ్రాయవలెనని తోచినది.

సుందరయ్యగారు 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూవసతిగల కుటుంబమున జన్మించిరి. పెద్దలు పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. తండ్రి బాల్యముననే గతించెను. పేరు తుదనున్న కులనామమును ఆయన తరువాత విడిచిపెట్టిరి. నేడిది అల్పవిషయముగా కనబడవచ్చును. పేరు వినగానే పీట వేయవలెనో, అరుగు క్రిందనే నిలుపవలెనో నిశ్చయించుకొను కాలమున అది అల్పము కాదు.

1930లో చెన్నపట్టణమున లయోలా కళాశాల చదువు మాని, ఉప్పు సత్యాగ్రహమున చేరి చెరసాలకేగిరి. నౌపడా ఉప్పుమళ్లను ఎరిగిన మనకు ఉప్పుపన్ను సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పిదప అమీర్ హైదర్ ఖాన్ ప్రేరణచే కమ్యూనిస్టు మార్గము త్రొక్కిరి.

ఆయన పని స్వగ్రామముననే మొదలైనది. వ్యవసాయకూలీలను కూడగట్టి, కూలి పెంచుడనియు వెట్టి మానుడనియు అడిగిరి. అడిగినది ఎచ్చటివారినో కాదు, తన వర్గమునకు చెందిన భూస్వాములనే. తన వంతు ఆస్తిని ఉద్యమమునకు ధారపోసిరి. పంపకములకు కొలతగొలుసు పట్టుకొని వెళ్లినప్పుడెల్ల, జానెడు గట్టుకొఱకు అన్నదమ్ములు మాటలు మానుకొనుట చూచినవాడను. కనుక ఈ ధారపోయుట ఎంత కష్టమో నాకు తెలియును. కూలి తగ్గించి అన్నదానము చేయువానిని మనము దాత అనుచున్నాము. ఆ లెక్క నాకెన్నడును కుదురలేదు.

1943లో లీలగారిని వివాహమాడిరి. ప్రజాసేవకు అడ్డు రాకుండునట్లు సంతానము వలదని నిశ్చయించుకొనిరి. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణా సాయుధపోరాటమునకు నాయకులలో ఒకరై, అజ్ఞాతమున మెలగిరి. ఆ రక్తపాతమంతయు నాకు సమ్మతము కాదు. దున్నువానికి భూమి కావలెననుట మాత్రము కాదనలేను.

1952లో రాజ్యసభకు ఎన్నికై, ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లెడివారు. తరువాత గన్నవరమునుండి శాసనసభకు వచ్చిరి. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధానకార్యదర్శి అయిరి. 1970ల నడుమ సహచరులతో అభిప్రాయభేదము కలుగగా ఆ పదవినే విడిచిరి. పదవి దిగుటకు మనవారు సామాన్యముగా అనారోగ్యమును కారణముగా చెప్పుదురు. ఆయన అభిప్రాయములనే చెప్పిరి. 1985 మే 19న కాలధర్మము నొందిరి.

హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేర సుందరయ్య విజ్ఞాన కేంద్రము నెలకొన్నది. 2000 ఆగస్టు వరదలో నీరు చొచ్చి అచ్చటి పాత ఉర్దూ గ్రంథములు తడిసిపోయెను. ఆ వార్త విన్ననాడు, వంశధార పొంగినప్పుడు మనము బీరువాలను ఇటుకలపైకెత్తిన రాత్రి నాకు జ్ఞప్తికి వచ్చెను.

ఆయన స్వీయచరిత్ర "విప్లవపథంలో నా పయనం" మన రెండవ బీరువాలో ఒక ప్రతి కలదు. అట్ట ఊడగా దారముతో కుట్టించితిని. కావలసినవారు చందాపుస్తకమున పేరు వ్రాసి తీసికొనిపోవచ్చును. పదునైదు దినములలో తిరిగి ఇయ్యవలెను.