రెన్ అండ్ మార్టిన్‌లో రెన్ ఎవరు?

రెన్ అండ్ మార్టిన్ అనేది ఒక్క మనిషి పేరనుకునేవాళ్లు మన క్యాంపస్‌లో ఇంకా ఉన్నారు. నేను అడిగి చూశాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఇంగ్లిష్ మీడియం బడికి పోయినోళ్ల ఇళ్లలో ఆ ఎర్ర అట్ట గ్రామర్ పుస్తకం కనపడుతూనే ఉంటది. అక్కది చెల్లెకి, చెల్లెది పక్కింటి పిల్లకి పోయి, మొదటి పది పేజీలు ఊడిపోయి, డైరెక్ట్ స్పీచ్ ఇన్‌డైరెక్ట్ స్పీచ్ దగ్గర మాత్రం పెన్సిల్ గీతలతో నల్లగా అయిపోయి ఉంటది. టెన్త్‌లో ఆ బిట్టు, ఇంటర్‌లో మళ్లీ ఆ బిట్టు. ఇంత చదివినా ఆ పాఠం మీద పేరున్న రెన్ ఎవరో మనకు ఎవరూ చెప్పలేదు. ఈ సంచిక కోసం ఆయన జీవితం వెతికితే, అది ఆయన సిలబస్‌లోని పాఠం లాగానే ఉంది. ఎక్కడ చూసినా అన్నాడట, ఉన్నాడట, చేశాడట.

ఆయన పూర్తి పేరు పెర్సివల్ క్రిస్టఫర్ రెన్. పుట్టింది డెవన్‌లో అని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. డెవన్ అంటే ఇంగ్లండ్‌లో పచ్చటి పల్లెసీమ, పెద్దింటి వాసన వచ్చే పేరు. రికార్డులో ఉన్నది మాత్రం లండన్ దక్షిణాన డెట్‌ఫర్డ్, 1875 నవంబర్ 1. థేమ్స్ ఒడ్డున రేవు కార్మికుల పేట అది. తండ్రి బడిపంతులు. ఇంట్లో పెట్టిన పేరు కూడా పెర్సీ అంతే, పెర్సివల్ క్రిస్టఫర్ తర్వాత వచ్చి చేరింది. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ వంశంవాడట అని కూడా చెప్పుకున్నారు. ఇంకా చాలా ఉన్నయి. నావికుడిగా తిరిగాడట, మట్టి పని చేశాడట, దేశదిమ్మరిగా బతికాడట, వేటగాడట, లండన్ పేదవాడల్లో తోపుడు బండి మీద కూరగాయలు అమ్మాడట. ఒక్క మనిషికి ఇన్ని ఉద్యోగాలు లింక్డిన్‌లో కూడా పట్టవు.

కాగితం మీద నిలబడేది వేరే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీ ఫీజులు కట్టలేని పిల్లల కోసం సెయింట్ క్యాథరిన్స్ సొసైటీ అని ఒకటి ఉండేది, హాస్టల్ ఖర్చు లేకుండా బయట ఉండి చదువుకోవచ్చు. రెన్ అందులో చదివి ఎం.ఏ. తీసుకున్నాడు. కొన్నేళ్లు బోర్డింగ్ స్కూళ్లలో పాఠాలు చెప్పాడు. ఆలిస్ షోవలియర్ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు, 1901లో ఎస్టెల్ అని కూతురు పుట్టింది. 1903లో ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో చేరి కరాచీ హైస్కూల్ హెడ్మాస్టర్‌గా వచ్చాడు. అప్పుడు కరాచీ బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. తర్వాత పూనా వైపు కూడా పనిచేశాడు. అంటే సాహసవీరుడి బయోడేటా పక్కన పెడితే, మనకు దొరికే మనిషి జీతం రాళ్ల మీద బతికే ఒక సర్కారీ సారు. నాకైతే ఈ సారే ఎక్కువ నచ్చాడు.

ఈ సారు 1911లో టీచర్ల కోసం ఒక పుస్తకం రాశాడు. భారతీయ పాఠశాలల్లో ఇంగ్లిష్‌ను డైరెక్ట్‌గా బోధించడం గురించి. ఇక్కడ డైరెక్ట్ అంటే డైరెక్ట్ స్పీచ్ కాదు. డైరెక్ట్ మెథడ్ అని అప్పట్లో కొత్తగా వచ్చిన పద్ధతి: ప్రతి వాక్యాన్ని మాతృభాషలోకి తిప్పి బట్టీ పట్టించకుండా, మాట ద్వారానే మాట నేర్పడం, వస్తువు చూపించి పేరు చెప్పడం, రూల్ కంటే ముందు పలకడం. ఆ పద్ధతి మీద పుస్తకం రాసిన మనిషి పేరు ఇవాళ మనకు దేనికి గుర్తు? సెడ్ టు అంటే టోల్డ్, నౌ అంటే దెన్, టుమారో అంటే ద నెక్స్ట్ డే అని పాట పాడినట్టు పాడే టేబుల్‌కి. ఆ టేబుల్ మొత్తం తప్పు లేకుండా రాసి పది మార్కులు తెచ్చుకుని, తర్వాత రోజు ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు మాట్లాడమంటే తల వంచుకునే క్లాసు మాది. రెన్ గారు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే ఏమనుకునేవాడో.

టేబుల్‌ని తిడుతున్నానని కాదు. దాని వెనక లాజిక్ ఏంటో చెబితే అది బాగనే ఉంటది. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే డైరెక్ట్ స్పీచ్ రిలేటివ్ పాత్ లాంటిది. నేను, ఇక్కడ, ఇప్పుడు, రేపు — ఈ నాలుగూ మాట్లాడేవాడు ఏ ఫోల్డర్‌లో నిలబడ్డాడో దాన్ని బట్టి మారతాయి. ఆ వాక్యాన్ని కాపీ చేసి నా ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తే నేను అంటే నేనైపోతాను, ఇక్కడ అంటే కోదాడ అయిపోతది. అందుకే ఇంగ్లిష్ వాడు ప్రతి పాత్‌నీ తన వైపు నుంచి మళ్లీ రాసుకుంటాడు. ఐ పోయి హీ వస్తది, హియర్ పోయి దేర్ వస్తది, చెప్పింది నిన్న కాబట్టి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి దిగుతది. ఎవరు చెప్పినా ఎప్పుడు చెప్పినా మారని సంగతిని, భూమి సూర్యుడి చుట్టూ తిరగడం లాంటిదాన్ని మాత్రం ముట్టుకోడు. దానికి పాత్ అవసరం లేదు. ఈ నాలుగు ముక్కలు ముందే ఎవరైనా చెబితే టేబుల్ సగం తగ్గేది.

తెలుగు ఈ పని చేయదు. రేపు వస్తానని చెప్పిండు అంటాం. వస్తాను అనే మాటలో నేను అలాగే కూర్చుని ఉంది, రేపు అలాగే ఉంది, చివర అని తగిలించి మూట కట్టి అందిస్తాం. అవతలివాడి మాటను విప్పకుండా పార్సిల్ పంపినట్టు. మన పక్కనే ఉర్దూ కూడా దాదాపు ఇంతే, కి అని పెట్టి అవతలివాడి మాటను యథాతథంగా దించుతుంది. హైదరాబాదీ దక్కనీ అయితే ఇంకో అడుగు ముందుకేసి బోల్కే అని చివర్లో తగిలిస్తుంది, అది మన అని పక్కన పెరిగిన మాటే. మనం ఇంగ్లిష్‌లో హీ సెడ్ ఐ విల్ కమ్ అని రాసి రెడ్ ఇంక్ తినేది తెలివి లేక కాదు. పుట్టినప్పటి నుంచి మూటలు అందించడమే అలవాటు.

మూటలో ఇబ్బంది కూడా ఉంది. మిర్యాలగూడ వైపు వడ్లు అమ్ముకున్న ఇంట్లో పెరిగినోళ్లకు ఇది తెలుసు. ఒక ఏడాది మా ఇంట్లోనూ అయింది. ఒక మిల్లుకు వడ్లు తోలారు. పైసలు రేపు ఇస్తానన్నడు అని నాన్న చెప్పాడు. వారం తర్వాత అడిగితే కూడా అదే వాక్యం, రేపు ఇస్తానన్నడు. ఏ రోజు అన్నాడో, ఏ రోజుకు రేపో వాక్యంలో లేదు. ఇంగ్లిష్‌లో రాస్తే సోమవారం నాడు, ఆ మరుసటి రోజు ఇస్తానని చెప్పాడు అవుతది. మరుసటి రోజు వచ్చి పోయిందని కాగితమే చెబుతుంది. పైసలు చివరికి వచ్చినయి, నా ఫీజు గడువు అయిపోయినాక. ఆ రూల్‌కి నేను మొదటిసారి గౌరవం ఇచ్చింది పరీక్షలో కాదు, అప్పుడు.

రెన్ దగ్గరికి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914 డిసెంబర్‌లో ఆయన్ని ఇండియన్ ఆర్మీ రిజర్వ్‌లో కెప్టెన్‌గా తీసుకున్నారు, 101వ గ్రెనేడియర్స్‌లో. తూర్పు ఆఫ్రికాలో కొంతకాలం యుద్ధం చూశాడు. 1915 నవంబర్‌లో రాజీనామా. భార్య ఆలిస్, కూతురు ఎస్టెల్ ఇద్దరూ ఆయన కంటే చాలా ముందే పోయారు. ఈ వాక్యం రాయడానికి అరనిమిషం పట్టింది, ఆయనకు ఎంత పట్టిందో ఏ పుస్తకంలోనూ కనపడదు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లిపోయి రాతతోనే బతికాడు.

1924లో బో జెస్ట్ అనే నవల వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములు, ఇంట్లో పోయిన ఒక నీలం రాయి, ఆ నింద మీద వేసుకుని ఒకరి తర్వాత ఒకరు ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ అనే కిరాయి సైన్యంలో చేరడం, సహారా ఎడారిలో ఒక కోట. కోట గోడల మీద ప్రతి కంత దగ్గరా ఒక సైనికుడు తుపాకీ పట్టుకుని నిలబడి ఉంటాడు, దగ్గరికి పోతే అందరూ శవాలు. 1926లో మూకీ సినిమా తీశారు, 1939లో గ్యారీ కూపర్‌తో మళ్లీ తీశారు. గ్రామర్ సార్ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఇక్కడ. నాకు నచ్చిన సంగతి ఏందంటే, ఆ కోట రహస్యం మనకు నేరుగా తెలియదు. ఆఫ్రికాలో రైల్లో పోతూ ఒక ఫ్రెంచ్ మేజర్ తన పాత స్నేహితుడికి చెబుతుంటే తెలుస్తుంది. మేజర్ ఏం చూశాడో, ఏం చూశాననుకున్నాడో రెండూ కలిసిపోతాయి. నవల మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది.

దాంతో అందరూ అడగడం మొదలుపెట్టారు, ఇంత వివరంగా రాశాడంటే ఈయన లీజియన్‌లో ఉన్నాడా అని. ఉన్నాడని ప్రచారం జరిగింది. ఆయన కాదనలేదు, ఆ నమ్మకాన్ని పెరగనిచ్చాడు. 1927లో ఇజబెల్ గ్రాహమ్ స్మిత్‌ని రెండో పెళ్లి చేసుకున్నాక, ఆమె కొడుకు కూడా ఆ మాట నిజమేనని నమ్మాడు. లెక్క వేసి చూద్దాం. లీజియన్‌లో చేరితే ఐదేళ్లు తప్పదు. 1901లో కూతురు, 1903 నుంచి కరాచీ, 1914లో మన సైన్యం. ఐదేళ్ల ఖాళీ ఏ లూప్‌లోనూ దొరకదు. లీజియన్‌లో పనిచేసినట్టు రుజువు ఇప్పటిదాకా రాలేదు. ఆయన అబద్ధమాడాడని తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు. డెట్‌ఫర్డ్ పంతులు కొడుకు పెద్దింటి పిల్లల మధ్య ఆక్స్‌ఫర్డ్‌లో తిరిగి, క్లబ్బుల్లో వంశం అడిగే దొరల మధ్య ఉద్యోగం చేసి, తనకంటూ ఇంకో చరిత్ర కావాలనుకుని ఉంటాడు. ఇంగ్లిష్ మీడియంలో చదివి ఊరి పేరు అడిగితే పక్కన ఉన్న టౌన్ పేరు చెప్పే మనకు ఇది అర్థం కాని సంగతేం కాదు.

మనకు తెలిసిన ఆ గ్రామర్ పుస్తకం, హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపొజిషన్, హెచ్. మార్టిన్‌తో కలిసి 1930లలో వచ్చింది. బ్రిటిష్ ఇండియా బడుల కోసం రాసింది అది. అప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ నిజాం రాజ్యంలో ఉన్నయి, బడి చదువు ఉర్దూలో. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఉన్న మునగాల పరగణా ఒక్కటే చుట్టూ నిజాం భూమి మధ్యలో ఉండి కూడా మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లాకు చెందేది. ఇప్పుడు అదే రోడ్డు మీద బస్సు కిటికీలో నుంచి చూస్తే ఇంగ్లిష్ మీడియం బోర్డు లేని బజారు కనపడదు.

రెన్ 1941 నవంబర్ 22న ఇంగ్లండ్‌లో గ్లాస్టర్‌షైర్‌లోని ఆంబర్లీ అనే పల్లెలో చనిపోయాడు. ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చింది, పుస్తకం మాత్రం ఆగలేదు. ఉదాహరణల్లో పాతబడినవి తీసేసి, అభ్యాసాలు మార్చి, కొత్త కూర్పులు తయారుచేసింది ఎన్.డి.వి. ప్రసాదరావు గారు. ఈసారి పుస్తకం చేతిలోకి వస్తే లోపలి పేజీలో చూడండి, ఇద్దరు దొరల పేర్ల కింద ఆ పేరు ఉంటుంది.