ఫిల్టర్ లీక్ కాలేదు

వైరస్ అనే మాట మనం ల్యాప్‌టాప్‌కి కూడా వాడేస్తుంటాం. ఆ మాటను కంటికి కనిపించని ఈ జీవానికి 1898లో పెట్టిన మార్టినస్ బేయరింక్ పేరు మాత్రం నాకు మొన్నటిదాకా తెలీదు.

1851లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. నాన్నది పొగాకు వ్యాపారం, దివాలా తీసింది. విచిత్రం ఏంటంటే కొడుక్కి పేరు తెచ్చింది కూడా పొగాకు ఆకే.

అంతకుముందే, 1888లో, చిక్కుడు జాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు. మినుము మొక్క పీకితే కనిపించేవి ఆ బుడిపెలే. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేది ఆ బాక్టీరియానే.

తర్వాత పొగాకు ఆకులకు మచ్చలు తెచ్చే మొజాయిక్ తెగులు మీద పడ్డాడు. తెగులు ఆకు రసాన్ని బాక్టీరియా దూరలేని పింగాణీ ఫిల్టర్‌లో వడకట్టి మంచి మొక్కకు ఎక్కించాడు. దానికీ తెగులొచ్చింది! రష్యాలో ఇవనోవ్‌స్కీ 1892లోనే ఇది చూశాడు. కానీ ఫిల్టర్‌లో లోపమో, బాక్టీరియా వదిలిన విషమో అనుకున్నాడు. నేనైనా అంతే, అవుట్‌పుట్ వింతగా వస్తే ముందు నా కోడ్‌నే అనుమానిస్తా.

బేయరింక్ మొక్క నుంచి మొక్కకు ఎక్కిస్తూనే పోయాడు. విషమే అయితే పలచబడిపోవాలి కదా. పడలేదు. అంటే మొక్క లోపల అది పెరుగుతోంది, బయట మాత్రం పెరగట్లేదు. ప్రాణమున్న ద్రవం అన్నాడు. ద్రవం అన్నది తప్పే. ఇవనోవ్‌స్కీ పని గురించి తెలిశాక, ముందు చూసింది ఆయనేనని ఒప్పుకున్నాడు. శిష్యుల మీద విరుచుకుపడే మనిషికి అది చిన్న విషయం కాదనిపించింది నాకు.

పెళ్లి చేసుకోలేదు. 1931లో పోయాడు. ఆ వైరస్ సన్నటి కడ్డీలా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కనిపించింది 1939లో.